శిక్షకుని తూచు త్రాసు

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము - ఈ మూడూళ్ళలో ఏ యూరనైనను కళాశాల విద్యార్థులు బాస్కెట్‌బాల్ పందెమాడు సాయంకాలమున మైదానపు గట్టున నిలిచి, ఆటకంటె ముందు చూపరుల మాటలను వినుడు. బంతి వలలో పడినప్పుడు "మా పిల్లవాడు" అందురు. పడనప్పుడు "ఆ కోచ్ ఏమి నేర్పినాడు?" అందురు. గెలుపు ఊరిది, ఓటమి శిక్షకునిది. ఈ పంపకము న్యాయమైనదా యని ఒక్క నిమిషమైనను ఆలోచింపక మనము ఇండ్లకు మరలుచున్నాము. ఇది ఆలోచింపదగిన విషయమని తోచుటచేత ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆశపడుట దోషము కాదు. తన ఊరి పిల్లలు గెలువవలెనని కోరనివాడు ఆటను ప్రేమింపజాలడు. కాని ఆశకును హక్కునకును నడుమ నొక గీత గలదు. ఆశ ప్రేమవలన పుట్టును. హక్కు ఇచ్చిపుచ్చుకొనుటవలన పుట్టును. మైదానము చదును చేయించుటకు మనము చందా ఈయలేదు. తెల్లవారుజామున సాధనకు పోవు కుమారుని, చదువు పాడగునని అడ్డగించితిమి. ఆడుపిల్ల బంతి పట్టినచో నలుగురు నవ్వుదురని వెనుకకు లాగితిమి. ఏమియు నీయక, పందెము నాడు మాత్రము వడ్డీతో గూడ గెలుపును వసూలు చేయబూనుట, అప్పీయనివాడు పత్రము చేతబట్టుకొని పరుల వాకిట నిలిచినట్లుండును.

ఫలితమే సరియైన కొలత యందురా? ఆ కొలత యెంత వంకరయో ఈ యాట చరిత్రయే చెప్పుచున్నది. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు, చలికాలమున విద్యార్థులు నాలుగు గోడల నడుమ ఆడుకొనుటకై, పండ్ల గంపలు ఎత్తున కట్టించి ఈ యాటను కల్పించెను. 1898లో నాతడు కాన్సాస్ విశ్వవిద్యాలయమునకు పోయి అచ్చటి జట్టునకు మొదటి శిక్షకుడయ్యెను. ఆతని చేతిక్రింద ఆ జట్టు గెలిచిన పందెములు 55, ఓడినవి 60. ఆటను సృష్టించిన వానినే ఆట నేర్పజాలనివాడని తేల్చు త్రాసును మనము నమ్మవచ్చునా? ఆతని శిష్యుడైన ఫాగ్ ఆలెన్ తరువాత అచ్చటనే శిక్షకుడై దశాబ్దములపాటు జట్టును నడిపి కీర్తి గడించెను. గురువు చల్లిన విత్తు శిష్యుని పొలమున పండినది. అంకెల పలకమీద అది కనబడదు. ఇక జాన్ వుడెన్ మాట వినుడు. 1948లో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు శిక్షకుడుగా వచ్చిన యాతనికి తొలి జాతీయ విజయము 1964లోగాని లభింపలేదు. అది మొదలు 1975 లోపల అట్టివి పది లభించెను. పదునారేండ్లు వేచియుండు ఓర్పు మన యూళ్ళలో ఎవరికి గలదు?

అంత దూరమేల? హైదరాబాదువాసి సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తిచే బడిపంతులు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో ఆతని శిక్షణలోని భారత ఫుట్‌బాల్ జట్టు స్వర్ణపతకము గెలిచెను. మరుసటి యేడు హెల్సింకి ఒలింపిక్సులో ఆ జట్టే యుగోస్లావియా చేతిలో 10-1 తో ఓడెను. మనవారిలో పలువురు బూట్లు లేకయే ఆడిరి. మన చూపరుల త్రాసున తూచినచో రహీమ్ పని ఆనాటితో ముగిసియుండును. అట్లు జరుగలేదు. ఆ ఓటమి పిమ్మట బూట్లు తప్పనిసరి చేయబడెను. నాలుగేండ్లకు, 1956లో, మెల్‌బోర్న్ ఒలింపిక్సున రహీమ్ జట్టు నాలుగవ స్థానమున నిలిచెను. 1565లో తళ్ళికోట యుద్ధమున ఓడిన విజయనగర రాజ్యము తన రాజధానిని మార్చుకొన్నది మన పెనుకొండకే గదా! ఓడినవారికిని తావుండవలెనని ఆ కోటగోడలు సాక్ష్యమిచ్చుచుండగా, పదునెనిమిదేండ్ల పిల్లవానికిని వాని గురువునకును ఒక్క పందెమునకు మించి తావీయకుండుట మనకు తగునా?

గెలుపు కూడ మన బుద్ధిని పెడదారి పట్టింపగలదు. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో జర్నైల్ సింగ్ అను ఆటగాని తలకు గాయమై కుట్లు పడెను. రక్షణపంక్తిలో నాడు ఆతనిని రహీమ్ ముందుపంక్తికి మార్చి ఆడించెను. దక్షిణ కొరియాతో జరిగిన తుదిపోటీలో ఆతడొక గోలు వేసెను. భారతము 2-1 తో స్వర్ణము గెలిచెను. మనమందరము దీనిని సాహసమని కొనియాడుచున్నాము. ఆ బంతి స్తంభమునకు తగిలి వెనుకకు వచ్చి, ఆ గాయము తిరుగబెట్టియుండినచో ఏమందుము? క్రౌర్యమందుము. చేసిన నిర్ణయమొక్కటే, దాని పేరును మార్చునది బంతి. రహీమ్ కీర్తిని తగ్గించుటకు నేనిది చెప్పుటలేదు. గాయపడినవానిని ఆడింపవచ్చునా యను ప్రశ్నకు సమాధానము ఆట ముగియకముందే తెలియవలెను. అంకెలు చూచి పిదప చెప్పునది తీర్పు కాదు, లెక్క మాత్రమే.

ఇందు మన వంతు కూడ గలదు. చూపరుల కేకలకు వెరచిన శిక్షకుడు కాలు బెణకిన పిల్లవానికి పట్టీ కట్టి ఆడించును. బలహీనుని ఏడాది పొడవున గట్టున కూర్చుండబెట్టును. ఆడుపిల్లల జట్టు గెలుపు తేదని దానికి సాధనవేళయే కేటాయింపడు. ఆ తప్పు ఆతనిదే, సందేహము లేదు. కాని ఆతనిచేత దానిని చేయించిన కేక మనది.

అట్లయిన శిక్షకుని అడుగువారే యుండరాదా యని కొందరు ప్రశ్నింపవచ్చును. ఉండవలెను. సోమరి గురువును మన్నింపుమనుట నా యభిప్రాయము కాదు. అడుగవలసిన ప్రశ్నలు వేరు. వేళకు వచ్చుచున్నాడా? చేతగానివానికి నేర్పుచున్నాడా? ఆడుపిల్లలకు సమాన వేళ యిచ్చుచున్నాడా? ఓటమినుండి తానేమైన నేర్చెనా? వీనికి సమాధానములు పందెము నాడు దొరకవు, మామూలు దినములలో దొరకును. అనంతపురమున 2010లో రఫేల్ నడాల్ ప్రతిష్ఠానము తెరచిన టెన్నిస్ బడిలో పల్లెపిల్లలకు ఆటతోపాటు ఇంగ్లీషును, కంప్యూటరును నేర్పుటకు ఏర్పాటు చేసిరి. ఆట నేర్పువాడు బిడ్డ జీవితమునకంతకును పూచీపడవలెనను భావము అందు గలదు. అట్టి పూచీని కొలుచుటకు పతకముల లెక్క చాలదు.

ధర్మవరపు నేతగాండ్రను చూచినవారు ఎరుగుదురు: పట్టుచీర మగ్గముమీద నుండగా పోగు తెగినచో దానిని ముడివైచి నేత సాగింతురే గాని మగ్గమును విరుగగొట్టరు. సగము నేసిన చీరకు ఎవరును వెల కట్టరు. కళాశాల యీడు పిల్లలు సగము నేసిన చీరలు. ఇకమీద పందెము ముగిసి బిడ్డ యింటికి వచ్చినప్పుడు "గెలిచితిరా?" యని అడుగుటకు ముందు "నిరుడు చేతగానిది నేడు ఏమి చేతనైనది?" అని యడుగుడు. శిక్షకుని నిందింప నోరు తెరచునప్పుడు, పందెములేని దినములలో ఆ మైదానమునకు తామెన్నిమారులు పోయితిరో జ్ఞాపకము చేసికొనుడు. ఆ లెక్క తేలినపిమ్మట నిందించు హక్కు ఎంత మిగులునో అంతయే వాడుకొనుడు.