అస్వాద వ్రతం

గాంధీజీ 1915లో అహ్మదాబాదు వద్ద కోచరబ్‌లో స్థాపించిన సత్యాగ్రహాశ్రమ నియమాల్లో అస్వాదం ఒకటి. అన్నాన్ని నాలుక కోసం కాక, దేహం సేవకు పనికొచ్చేందుకు మందులా పుచ్చుకోవాలన్నది దాని సారం. జిహ్వను జయించనివాడికి బ్రహ్మచర్యం దుర్లభమని ఆయన నమ్మకం. ఆ ఏడే హరిద్వార కుంభమేళాలో, రోజుకు అయిదు పదార్థాలకు మించి తిననని, పొద్దు గూకాక భోంచేయనని వ్రతం పట్టారు. జబ్బు చేసినా సడలింపు లేదు. మందునూ ఆ అయిదింటిలోనే లెక్కించారు.

అసలు చిక్కు పాల దగ్గర వచ్చింది. 1912లో దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ ఫారంలో పాలు తాగనని ప్రతిన పట్టారు. 1918లో విరేచనాలతో మంచం పట్టి ప్రాణం మీదికి రాగా, మేకపాలు తాగవచ్చు కదా అన్నారు భార్య కస్తూర్బా. ఆయన ఒప్పుకున్నారు. ప్రతిన పట్టిన నాడు మనసులో ఉన్నవి ఆవు, గేదె పాలే కనుక మాట నిలిచింది కాని, వ్రతం ఆత్మ చచ్చిపోయిందని ఆత్మకథలో బాధపడ్డారు. నిగ్రహం దేహాన్నే కూల్చేటప్పుడు, దాన్ని కాపాడుకోవడమూ ధర్మమే. ఆ ఒప్పుకోలును లోపమనడం తగదు. పైగా, 1942లో ఆగాఖాన్ ప్యాలెస్ నిర్బంధంలో మొదలుపెట్టిన ఆరోగ్య గ్రంథంలో ఆయన సూచించిన దినాహారంలో రెండు పౌన్ల ఆవుపాలు ఉన్నాయి.