గెట్టు తెలిసినోడు

కృష్ణ ఒడ్డున, హుజూర్‌నగర్ దిక్కున మాదొక చిన్న ఊరు. ఊరికి ఆవల మా మాదిగవాడ. మా నాయిన పటేలు కాడ జీతమున్నడు. ఏ చెలకల నాగలికి రాయి తగులుతదో, ఏ మడికి ముందు నీళ్లు కట్టాల్నో పటేలుకు కాదు, నాయినకు తెలుసు.

పులిచింతల ప్రాజెక్టు 2013లో ప్రారంభమయ్యే నాటికే మా ఊరు ముంపు లెక్కల పడ్డది. పటేలుకు భూమి పరిహారం వచ్చింది.

“నేను దున్నినదానికి ఏం లేదారా?” అన్నడు నాయిన.

డిగ్రీ చదువుతున్న నేను, “నీకు పట్టా ఉందా నాయినా?” అన్న.

ఆయన మళ్ల మాట్లాడలె.

మా వాడల మొదటి డిగ్రీ నాది. ఆ చదువుతో నేను మొదట చేసిన పని మా నాయిన నోరు మూయించుడు.

1894 నాటి భూసేకరణ చట్టం కూలి పోయినోని నష్టాన్ని లెక్కపెట్టలేదు. ఆ భూమి మీదనే బతికే కూలీని, కౌలుదారుని కూడా బాధిత కుటుంబంగా గుర్తించిన కొత్త చట్టం 2014 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అంటే నాయినది తెలివితక్కువ మాట కాదు. చట్టం కన్నా ముందే ఆయన న్యాయం అడిగిండు. నేను కాగితం అడిగిన.

ఇయ్యాల బడిల పిల్లలకు చట్టం చెప్తున్న. చట్టంలో ఉన్నదంతా న్యాయం కాదని కూడా చెప్తున్న. ఆ పాఠం నేర్పిన మనిషికి మాత్రం ఇంకా జవాబు బాకీ ఉన్న.