మెల్లగా నడచుట అవిశ్వాసమా?

ధ్యాన భాగము: ఆదికాండము 32:24–32, 33:12–14



రోగి మంచము ప్రక్కన నిలువబడి, "విశ్వాసముంటే లేచి నడు" అని చెప్పువారు మన సంఘములలో కలరు. ఆ మాట ఆదరణయా, భారమా? పెళుసెముకల వ్యాధి గలవారిని తలంచి దీనిని విచారింతము.

వైద్యులు ఈ వ్యాధిని ఆస్టియోజెనెసిస్ ఇంపర్ఫెక్టా అందురు. సుమారు 15,000 మొదలు 20,000 జననములలో ఒకరికి ఇది కలుగును. ఎముకకు పట్టునిచ్చు కొల్లాజెన్ అను పదార్థము వీరికి పుట్టుకతోనే లోపముగా నుండును. ఇది ఎవరి పాపఫలమును కాదు. జన్యువులో కలిగిన మార్పు.

పెద్దవారైన పిమ్మట వీరిలో కొందరికి తొడగూడు అరిగి, లోపలికి క్రుంగి, అడుగు తీసి అడుగు వేయలేని నొప్పి కలుగును. 1962లో ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్లీ అను వైద్యుడు లోహపు గుండును, ప్లాస్టిక్ గిన్నెను అమర్చి తొడగూడు మార్చు పద్ధతిని స్థిరపరచెను. ఆ మేలు నేడు వీరికిని అందుచున్నది. అయితే వీరి తొడయెముక తరచుగా వంగి, దాని లోపలి గొట్టము ఇరుకై యుండును గనుక చిన్న పరికరములు, కొన్నిసార్లు ప్రత్యేకముగా చేయించినవి, కావలెను. శస్త్రచికిత్స జరుగుచుండగానే ఎముక చిట్లవచ్చును.

తరువాతి నెలలు మరింత ఓర్పును కోరును. మంచముననే యుండిన ఎముక ఇంకను బలహీనమగును. తొందరపడి బరువు మోపిన విరుగవచ్చును. కనుక వైద్యుడు చెప్పినంత బరువే మోపుచు, ఊతకఱ్ఱల సాయముతో, కండలకు బలము కూర్చుకొనుచు, దినమునకు కొన్ని అడుగులు వేయవలెను. ఇది సోమరితనము కాదు, అవిశ్వాసమును కాదు.

ప్రభువు పక్షవాయువు గలవానిని లేచి నడువుమనలేదా అని అడుగుదురేమో. అనెను. అయితే ఆ ఆజ్ఞతోకూడ బలమునిచ్చినవాడును ఆయనే. బలమియ్యలేని మనము ఆజ్ఞ మాత్రము ఇయ్యవచ్చునా?

యాకోబు ఆశీర్వాదము పొందిన రాత్రియే తొడగూటికి దెబ్బ తగిలి, కుంటుచు వెళ్లెను. ఆశీర్వాదమును కుంటితనమును ఒకే దేహమందుండెను. పిమ్మట ఏశావు కలిసి పోదమని పిలిచినప్పుడు, పిల్లలు లేతవారనియు, ఒక్కదినము వడిగా తోలిన మంద చచ్చుననియు చెప్పి, వారి నడకకు తగినట్లు మెల్లగా వచ్చెదననెను.

కాబట్టి మనము రోగిని తొందరపెట్టక, వాకిట తడి తుడిచి, దారిలోని రాయి తీసి, ఆసుపత్రికి తోడుపోదము. చాపమీద కూర్చుండలేనివారికి ఆరాధనలో ఎత్తైన కుర్చీ వేయుదము. వారి అడుగు ఎంత చిన్నదో మన అడుగును అంతే చేసికొందము. ప్రభువు మనకట్టి ఓర్పు దయచేయును గాక. ఆమేన్.