కలము – కాయకము

నిరాడంబరముగా జీవింపదలచిన వానికి మేలైన వస్తువును కోరుట తగునా? ఈ ప్రశ్న చిన్నదిగా తోచును గాని, సంసారము చేసికొనుచు భక్తిమార్గమున నడచువారందరికిని నిత్యము ఎదురగునది యిదియే. రైతు నాగలి కొనునపుడును, దర్జీ కత్తెర కొనునపుడును, చౌకది చాలునా, మేలైనది కావలెనా యని తడబడుదురు. చౌకది కొనినచో పని చెడును. మేలైనది కొనినచో మనస్సు చెడునేమో యని భయము. ఈ సందేహమును శరణుల బోధ వెలుగున విచారించుటకై ఒక సామాన్య వస్తువును ఉదాహరణముగా గైకొందును. అది సిరా కలము.

ఆ మధ్య ఉపాధ్యాయుల శిక్షణా తరగతుల నిమిత్తము బెల్లంకొండ నుండి గుంటూరు మీదుగా రాజమహేంద్రవరమునకు పోవలసివచ్చినది. సాయంకాలము తీరిక దొరకగా, తోటి ఉపాధ్యాయునితో కలిసి రత్నం కలములు విక్రయించు దుకాణమునకు పోయితిని. తెలుగు దేశమున ఆ పేరు వినని అక్షరాస్యులు పూర్వము అరుదు. స్వదేశీ ఉద్యమము సాగుచున్న దినములలో, 1932లో, కె.వి. రత్నం గారు ఆ నగరమున కలముల తయారీని ప్రారంభించిరి. అఖిలభారత గ్రామ పరిశ్రమల సంఘమునకు చెందిన కుమారప్పగారి ద్వారా వారొక కలమును గాంధీమహాత్మునకు పంపిరి. 1935 జూలైలో మహాత్ముడు వార్ధా నుండి కృతజ్ఞతాపూర్వకముగా లేఖ వ్రాసెను. ఆ కలమును తాను వాడి చూచితిననియు, బజారులోని విదేశీ కలములకు బదులుగా అది పనికివచ్చుననియు దాని భావము. ఇందు గమనింపదగినది ఒకటి కలదు. మహాత్ముడు ముందు వాడెను, పిమ్మట మెచ్చెను. స్వదేశీ వస్తువను అభిమానము మాత్రమే చాలదు. ఆ వస్తువు పని చేయవలెను.

రబ్బరును గంధకముతో చేర్చి వేడిచేసి గట్టిపరచగా వచ్చు పదార్థమే ఎబొనైటు. ఆ కడ్డీని లేతు యంత్రముపై త్రిప్పి, లోపల తొలిచి, మర చుట్లు కోసి, నునుపు పెట్టి కలమును తీర్చుదురు. చూచుటకు సులభమే. కాని పాళీ నడుమ నుండు సన్నని చీలికలోనే రహస్యమంతయు ఉన్నది. సిరా ఆ చీలిక వెంట దిగవలెను. దిగిన సిరాకు బదులు గాలి లోనికి పోవలెను. ఈ రెంటి పొందిక తప్పెనా, కలము ఎండిపోవును, లేదా కాగితముపై కక్కును. ఆ పొందికను కుదుర్చునది పనివాని వ్రేళ్లకు అబ్బిన అనుభవము.

నేనొక కలమును చేతబట్టి వ్రాసి చూచుచుండగా నా మిత్రుడు నవ్వి, “మాస్టారూ, పది రూపాయల పెన్నుతో రాసినా ‘అ’ అదేగా! దీనికింత పెట్టటం ఎందుకండీ?” అనెను.

ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. మా చిన్ననాట బడులలో ఇంకు పెన్నుదే రాజ్యము. సిరా కారి చొక్కాలు పాడగుచుండెను. పాళీ విరిగినచో క్రొత్తది కొనుటకు తండ్రి చేతిలో డబ్బు లేక దిగులుపడిన బాలురు ఎందరో! చౌకయైన బాల్ పెన్ను వచ్చి, పేదవాని బిడ్డకును వ్రాతను అందుబాటులోనికి తెచ్చినది. కనుక చౌక వస్తువును నిందించుట నా అభిప్రాయము కాదు. మేలైన వస్తువును కోరినవాడు ఏ న్యాయముచేత కోరవలెననునదే విచారణ.

శరణులలో నులియ చందయ్య త్రాళ్లు పేనెను. అంబిగర చౌడయ్య పడవ నడపెను. మేదర కేతయ్య బుట్టలల్లెను. మడివాళ మాచయ్య బట్టలుతికెను. వీరి కాయకములన్నియు పనిముట్లతోనో, చేతి నేర్పుతోనో ముడివడినవే. పదునులేని కత్తితో వెదురు చీల్చుట వైరాగ్యము కాదు. చిల్లుపడిన పడవలో జనులనెక్కించుట నిరాడంబరత కాదు. కాయకము పవిత్రమైనచో, దానికి సాధనమైన వస్తువు మేలుగా ఉండవలెననుటయు ధర్మమే. విజాపురమున న్యాయవాదియైన ఫ.గు. హళకట్టిగారు (1880–1964) వచనముల తాళపత్రములను ఊరూర వెదకి ప్రకటించుటకు జీవితమును ధారపోసిరి. ముద్రణాలయము కొరకు సొంత ఇంటినే అమ్ముకొనిరని ప్రసిద్ధి. ఇల్లు పోయి అచ్చుయంత్రము వచ్చినది. దానిని భోగమని ఎవరనగలరు?

అయినను ఈ వాదమున ఒక ప్రమాదము పొంచియున్నది. “పని కొరకే” అను మాట చాటున ఆశ సులభముగా దాగును. ఒక కలము చేతికి రాగానే రెండవది కన్నులకింపుగా నుండును. నల్లనిది చాలదు, పచ్చనిది కావలెను. పిదప వెండి తొడుగుది కావలెను. కొన్ని దినములకు వాటిని పెట్టెలో అమర్చుకొని చూచుటయే పనియగును. వ్రాత నిలిచిపోవును.

ఇచ్చట ఆయ్దక్కి లక్కమ్మను స్మరింపవలెను. ఆమె భర్త మారయ్య రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు నిత్యము తెచ్చు దానికంటె అధికముగా తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఇది మన అవసరమునకు మించినది, తెచ్చినచోటనే పోసి రమ్మని పతిని మరల పంపెను. ఆ బియ్యము దొంగిలించినది కాదు. కష్టపడి ఏరినదే. అయినను అవసరమును మించిన క్షణముననే అది ఆశగా మారినదని ఆ తల్లి గ్రహించినది. మనము న్యాయార్జితమైన ధనముతో కొన్నంతమాత్రమున వస్తువు నిర్దోషము కాజాలదని ఈ కథ చెప్పుచున్నది.

కావున వస్తువు వెలను బట్టి నిర్ణయము చేయరాదని నాకు తోచుచున్నది. ఆ వస్తువు మన కాయకమునకు లోబడియున్నదా, లేక కాయకమే దానికి లోబడినదా యని చూడవలెను. దీనిని తెలిసికొనుటకు మన ఇండ్లలోనే మూడు ప్రశ్నలు వేసికొనవచ్చును. దాని కొనుగోలువలన దాసోహమునకు తీసియుంచిన భాగము తగ్గెనా? అది నిత్యము పనిలో అరుగుచున్నదా, పెట్టెలో మెరయుచున్నదా? రేపు యోగ్యుడైన వాడు అడిగినచో సంతోషముతో ఇచ్చివేయగలమా? ఈ మూడింటికి నిలిచిన వస్తువు ఎంత వెలగలదైనను పనిముట్టే. నిలువనిది పది రూపాయలదైనను పరిగ్రహమే.

కొనువానికి మరియొక ధర్మమును గలదు. కాయకము చేయువాడు నిజాయితీగా చేయవలెనని బోధించుట మనకు అలవాటు. ఆ కాయకఫలమును పుచ్చుకొనువాడు ఎట్లుండవలెనో అంతగా తలపము. పట్టణములలో వెల బిళ్ల అంటించిన వస్తువునకు మారుమాటాడక చెల్లించుదుము. ఊరిలో కుమ్మరితోను, చెప్పులు కుట్టువానితోను మాత్రము రూపాయికి రూపాయి బేరమాడుదుము. హరళయ్య కుట్టిన చెప్పులను బసవేశ్వరుడు కాళ్లకు తొడుగుకొనుటకు వెనుదీసి, వాటికి నమస్కరించెనని కథ. అంతటి భక్తి మనకు లేకపోవచ్చును. పనివాని చేతిని గౌరవించి న్యాయమైన వెల ఇచ్చుట, కొన్న వస్తువును శుభ్రముగా ఉంచి బాగుచేయించుకొనుచు చిరకాలము వాడుట మాత్రము మనకు సాధ్యమే.

మిత్రునికి నేనిదియే చెప్పితిని. ఒక్క నల్లని కలమును బేరమాడక కొంటిని. అచ్చట కోరినవారికి కలముపై పేరు చెక్కి యిచ్చు వాడుక గలదు. నేను చెక్కించుకొనలేదు. నాకు పదవీవిరమణ దూరములో లేదు. ఆపైన ఆ కలము మా బడిలో చక్కగా వ్రాయనేర్చిన బిడ్డ ఎవరికైనను చేరవలసియున్నది. మిత్రుడు సమాధానపడెనో లేదో చెప్పజాలను. “చూద్దాం మాస్టారూ, ఇంకోటి కొనకుండా ఎన్నాళ్లుంటారో!” అని మాత్రమనెను. ఆ హెచ్చరికలో లక్కమ్మ పలుకు కొంత ధ్వనించినది.

శరణబంధువులారా! రానున్న పండుగలకు మనము ఎన్నియో వస్తువులు కొందుము. కొనుటకు ముందు ఒక్క క్షణము ఆగి, ఇది నా పనికా, నా గొప్పకా యని అడిగికొందము గాక. పనికైనచో మేలైనదే కొని, చేసినవానికి తగిన వెల ఇత్తము. గొప్పకైనచో ఆ ధనము చేరవలసిన చోటు మన యెదుటనే కలదు. ఆకలిగొన్నవాని పంక్తి ఎన్నడును ఖాళీగా లేదు.