సార్టింగు ఎవరిది?

బాబాయి ఆర్.ఎం.ఎస్.లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, ఉత్తరాలు వేరుచేసే సార్టరుగా చేసి రిటైరయ్యాడు. ఫేస్‌బుక్ అంటే ప్రాణం. నాకు పడదు. ఈ వాదన మాకు పాతదే గానీ, మొన్న కాస్త గట్టిగా సాగింది.

"రైల్లో నాతో పాటు రాత్రంతా మేలుకుని సంచులు కట్టినవాళ్లు ఇప్పుడు తలో ఊళ్లో ఉన్నారు. అందరూ ఇందులోనే దొరికారు. దీన్ని చెడ్డదంటే ఎలా ఒప్పుకునేదిరా?"

"వాళ్లను చూపించింది పేర్ల పట్టిక బాబాయ్. దానితో నాకు తగువు లేదు. 2004లో ఫేస్‌బుక్ మొదలైనప్పుడు ఎవరి సంగతి కావాలన్నా మనమే వాళ్ల పేజీకి వెళ్లాలి. 2006లో న్యూస్ ఫీడ్ పెట్టారు. ఇక మనం వెళ్లక్కర్లేదు, అవే వచ్చి మీద పడతాయి. నువ్వు ఉత్తరం గూట్లో వేసేముందు పైన పిన్ కోడ్ చూసేవాడివా, లోపల ఎవరు ఎవర్ని తిట్టారో చూసేవాడివా?"

"లోపల చూస్తే ఉద్యోగం ఊడుతుంది."

"ఇక్కడ లోపల చూడటమే ఉద్యోగం. ఏది చూస్తే నువ్వు ఫోను కింద పెట్టవో అది పై గూట్లోకి. నువ్వు చూసినంతసేపూ వాళ్లకు ప్రకటనల డబ్బు. ఫీడ్ వచ్చిన కొత్తలో అమెరికా విద్యార్థులే పెద్ద గొడవ చేశారు."

"ఆ గొడవ అందరికీ ఎలా తెలిసింది?"

"ఫీడ్‌లోనే."

బాబాయి పకపకా నవ్వాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోలేదు. చెప్పేలోపే అంతకన్నా పెద్దది వేశాడు.

"2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలని గద్వాల వైపు వాట్సాప్‌లో పుకార్లు. అందులో నువ్వు తిట్టే ఫీడ్ ఏది? మనుషులే మనుషులకు పంపుకున్నారు. ఆ జూలైలో అలాంటి పుకారే నమ్మి మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో భిక్షకు వచ్చిన ఐదుగుర్ని కొట్టి చంపారు. అది ఎవరి సార్టింగు?"

ఇది తోసెయ్యగలిగే మాట కాదు. ఆలోచిస్తుండగా పిన్ని వచ్చి, పోయిన స్నేహితుడి పుట్టినరోజుకు ఈయన ఏటా శుభాకాంక్షలు పెడుతున్నాడని నాకు ఫిర్యాదు చేసింది. ఫోను గుర్తుచేస్తోందిగా, వాడి కొడుకు చూస్తాడు అన్నాడాయన. ఆ మీదట పోయినవాళ్ల పేజీ ఎవరి సొత్తు అని కాసేపు, 2014లో ఆర్కుట్ మూసేస్తే అందులో ఒకరికొకరం రాసుకున్న స్క్రాపులన్నీ ఏమయ్యాయని కాసేపు.

ఆఖరికి నేనే వెనక్కు తెచ్చాను. "వాట్సాప్‌లో అసలు సార్టరే లేడు బాబాయ్. ఒక్క వేలితో ఎంతమందికైనా పోయేది. అప్పటి గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి ఊళ్లకు పోలీసుల్ని పంపి, డప్పు కొట్టించి, పాటలు కట్టించి నమ్మొద్దని చెప్పించారు. వాట్సాప్ ఆ జూలైలోనే మన దేశంలో ఒక్కసారికి ఐదు చాట్లకే అని హద్దు పెట్టింది. తర్వాత ప్రపంచమంతా అదే హద్దు. ఫార్వర్డులు పాతిక శాతం తగ్గాయని కంపెనీయే చెప్పుకుంది. మనుషులు మారారా? లేదు. పంపడానికి కాస్త కష్టపడాల్సి వచ్చింది, అంతే."

"మరి అదే ఏడు కేరళ వరదల్లో మేడ మీద చిక్కుకున్నవాడి మెసేజీ కూడా ఐదుగురి దగ్గరే ఆగాలా?"

"లక్ష మంది చూడక్కర్లేదు. పడవ ఉన్న జాలరి ఒక్కడు చూస్తే చాలు."

"ఆ ఒక్కడెవరో తెలిస్తే లక్ష మందికి ఎందుకు పంపుతార్రా?"

"నిజమే. అయినా ఆగదు బాబాయ్, పోతుంది. కాకపోతే ప్రతిచోటా ఎవరో ఒకరు ఎవరికి పంపాలో ఎంచుకోవాలి. ఆ ఎంచుకోవడమే నాకు కావాల్సింది. వాణ్ని దింపేశాక కూడా మెసేజీ తిరుగుతూనే ఉంటే, పడవ ఖాళీ మేడకు పోతుంది. ఇంకో మేడ మీదవాళ్లు అలాగే ఉంటారు."

"డెలివరీ అయిన ఉత్తరం మళ్లీ సంచిలో పడినట్టు" అని తలూపాడు. అంత తొందరగా ఒప్పుకుంటాడనుకోలేదు. "సరే, నా ఫోన్లో ఆ సార్టరును తీసెయ్."

మెనూలో ఫీడ్స్, అందులో ఫ్రెండ్స్ నొక్కి ఇచ్చాను. అక్కడ మనవాళ్ల పోస్టులు రాసిన వరసలోనే వస్తాయి. బాబాయి రెండుసార్లు పైకి జరిపాడు.

"ఏవీ లేవేరా?"

"ఇవాళ రాసింది నలుగురే."

"చప్పగా ఉంది" అని ఫోను పక్కన పెట్టి, పిన్నిని కాఫీ అడిగాడు.