శనైశ్చరుడు: పేరులోనే ఉన్న నిమ్మలం

శనివారం వీడియోలో టైమ్ చాలక వదిలేసిన మాట ఇది. "అన్నా, ఏలినాటి శని మొదలైందట. తొందరగా పోవాలంటే ఏం చెయ్యాలె?" అని చాలామంది అడుగుతున్నరు. భయం నిజమే, కాదనను. కానీ మనం తొందరపెడుతున్నది ఎవరినో చూడండి.

శనీశ్వరుడు అని పిలుస్తాం గానీ, సంస్కృతంలో ఆయన పేరు శనైశ్చరుడు. ‘శనైః’ అంటే మెల్లగా, ‘చరుడు’ అంటే నడిచేవాడు. మందుడు అన్నా ఆయనే, అందుకే శనివారానికి మందవారం అనే పేరు కూడా ఉంది. ఆకాశంలో నడక చూసి పెట్టిన పేరిది. శని ఒక చుట్టు తిరగడానికి దాదాపు 29న్నర ఏండ్లు పడుతుంది. 12 రాశులకు పంచితే రాశికి సుమారు రెండున్నర. మన జన్మరాశి, దాని ముందొకటి, వెనకొకటి కలిపితే ఏడున్నర. ఏలినాటి శని లెక్క ఇంతే. ఆయన్ని ఫాస్ట్ ఫార్వర్డ్ చేసే పూజ ఏదీ లేదు. వేలకు వేలు తీసుకొని చేస్తమనేటోళ్లతోని పైలం!

గీత ఆరో అధ్యాయం 25వ శ్లోకంలో కృష్ణుడు ఇదే ‘శనైః’ని వెంటవెంటనే రెండుసార్లు అంటాడు. ధైర్యం పట్టిన బుద్ధితో మనసును మెల్లమెల్లగా లోపలికి తిప్పుకొమ్మని. ఆ తర్వాత అర్జునుడు, మనసు గాలిలాంటిది, ఆపలేనంటాడు. అప్పుడైనా షార్ట్‌కట్ చెప్పిండా? అభ్యాసం, వైరాగ్యం అన్నాడు. అభ్యాసానికి రోజులు పడతాయి కదా.

మా పాలమూరు పెద్దోళ్ల మాట నాకు ఇంకా ఇష్టం: నిమ్మలం. "నిమ్మలంగ తిను" అంటే మెల్లగా తినమని. జ్వరం తగ్గినోణ్ణి "పానం నిమ్మలమైందా?" అంటే కుదుటపడ్డదా అని. మెల్లగా ఉండుడు, బాగైపోవుడు, రెండిటికీ ఒకటే మాట! ఆఫీసులో ‘స్లో’ అంటే మాత్రం తిట్టు.

ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్న నంది వడ్డెమాన్‌లో జ్యేష్ఠాదేవితో కూడిన శనైశ్చరుడి గుడి ఉంది. తైలాభిషేకానికి దూరం నుంచి వస్తారు. శని త్రయోదశి రోజు కాకుండా మామూలు శనివారం పోండి. నువ్వుల నూనె సన్నటి ధారగా పోయండి, ఒక్కసారే కుమ్మరించకండి. అయినంక వెంటనే బండి స్టార్ట్ చెయ్యకుండా, ఓ పది నిమిషాలు అక్కడే కూసోండి. ఫోన్ జేబులోనే ఉండనియ్యండి.