కథ చెప్పేవాడిని అనుమానించామా?

అగాథా క్రిస్టీ నవల ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’ 1926లో పుస్తకంగా వచ్చింది. ఇంగ్లండులో ఒక చిన్న ఊరు. అక్కడి ధనవంతుడు హత్యకు గురవుతాడు. కథంతా ఆ ఊరి డాక్టరే మనకు చెబుతాడు. చివరికి హంతకుడు కూడా ఆయనే!

కొందరు పాఠకులు ఇది మోసమన్నారు. అందరినీ అనుమానించడమే పాఠకుడి పని అని రచయిత్రి డొరతీ సేయర్స్ సమర్థించారు. నిజానికి డాక్టరు పాఠకుడికి అబద్ధం చెప్పలేదు. పది నిమిషాల్లో తాను చేసిన పనిని దాటవేశాడు, అంతే.

ఇంటి నౌకరునూ, ఊరికి కొత్తవాడినీ వెంటనే అనుమానించిన మనం డాక్టరును ఎందుకు వదిలేశాం? ఆయన చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. పైగా కలం ఆయన చేతిలో ఉంది.

ఈ అలవాటు నవలతో ఆగలేదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల వంటి తెగలకు పుట్టుకే నేరమైంది. పోలీసులకు హాజరు చెప్పుకోవాల్సి వచ్చింది. చట్టం 1952లో రద్దయింది, ఆ చూపు ఇంకా పోలేదు. మన పేర్లు ఆ రిజిస్టర్లలో రాసినవారిని మాత్రం ఎవరూ అనుమానించలేదు.

అందుకే మన కథ మనమే రాయాలి. అయితే కలం పట్టగానే మనం సత్యవంతులం అయిపోము. మన పెద్దల తప్పునో, మన ఇంటి ఆడవాళ్ల కష్టాన్నో రాయకుండా వదిలేస్తే, అవీ ఆ పది నిమిషాలే. బడిలో ఏ కథ చదివినా పిల్లలతో కలిసి ఒక ప్రశ్న వేసుకుందాం: ఇందులో ఎవరి మాట మనకు వినిపించలేదు?